తల ఊపింది

మంగళవారం పొద్దున్న వచ్చిన పని చూస్తే అరపూటది కూడా కాదు. టూల్‌టిప్ వచ్చే తీరు మార్చాలి, అంతే. తెర మీద ఒక గడి, గడి పక్కన గుండ్రంగా చిన్న గుర్తు. ఆ గుర్తు మీదికి మౌస్ బాణం తీసుకెళ్ళి క్షణం ఆపితే ఓ చీటీ విచ్చుకుని, గడిలో ఏం రాయాలో చెబుతుంది. బాణం జరిగితే చీటీ మాయం. మా భాషలో దానికున్న పేరుకి అర్థం ‘మాట అందించడం’. బళ్ళో మాస్టారు లేపి ప్రశ్న అడిగితే వెనక బెంచీవాడు గుసగుసగా జవాబు అందిస్తాడు చూడండి, అదీ. ఇప్పుడా చీటీ వేలితో తాకినా రావాలని, మాకు పని ఇచ్చే వియన్నా కంపెనీ నుంచి కబురు.

‘ఇప్పటికి లేచారన్నమాట నిద్ర,’ అనుకుంది జ్లాతినా. ఈ తెర వాడే ఆస్పత్రిలో నర్సులు చేతపట్టుకు తిరిగేది పలకంత టాబ్లెట్. దానికి మౌస్ ఉండదు. మౌస్ లేకపోతే బాణం లేదు, బాణం లేకపోతే చీటీ రాదు. ఇంత తేలిక సంగతి కిందటేడు ఆ తెర తయారుచేసినప్పుడు ఆఫీసులో ఒక్కరికీ తట్టలేదు. అందరి ముందూ మౌస్‌లే ఉన్నాయి మరి.

ఆ చీటీలు ఆమె సొంతంగా చేసినవేం కాదు. తెరలకి కావలసిన గడులూ, బొత్తాలూ, చీటీలూ ముందే చేసిపెట్టిన ఫ్రేమ్‌వర్క్ ఉంటుంది. అందులోంచి తీసి అతికించుకోవడమే. మనమేమీ చెప్పకపోతే చీటీ బాణం ఆగితేనే వస్తుంది. చెబితే వేలు తాకినా వస్తుంది, గడిలోకి దిగగానే వస్తుంది, లేదా ఎవరూ అడక్కుండానే మనం రమ్మన్నప్పుడు వస్తుంది. కిందటేడు జ్లాతినా ఏమీ చెప్పలేదు.

“ఏంటి, చీటీలకి మర్యాదలు నేర్పుతున్నావా?” పక్క బల్ల నుంచి పావ్లిన్ మెడ సాచాడు. ఆఫీసులో ఏం జరిగినా ముందు అతనికే తెలుస్తుంది, ఎలాగో దేవుడికే తెలియాలి.

“ఏడాదిగా ఎవరికీ పట్టని చీటీ ఇప్పుడెందుకు గుర్తొచ్చిందా అని చూస్తున్నా.”

“నీకు తెలీదూ? మన తెరలు పెట్టిన ఆస్పత్రిలో ఒక ముసలాయనకి సెలైన్ మూడింతలు వేగంగా ఎక్కించేశారట. అసలే గుండె జబ్బు మనిషి. ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరి, చావు తప్పి కన్ను లొట్టపోయిందట.”

“ఏ గడి దగ్గర?”

పావ్లిన్ ఆమె తెర వంక గడ్డంతో చూపించాడు. “అదే.”

గడి మీద ‘వేగం’ అని ఒక్క మాటే ఉంది. పాత తెరలో గంటకిన్ని మిల్లీలీటర్లని రాసేవారు. కొత్త తెరలో నిమిషానికిన్ని చుక్కలని రాయాలి. ఆ సంగతి మొదట్లో గడి పక్కనే ఉండేది. తెర ఇరుకైపోయిందని వియన్నాలో బొమ్మలు గీసే కుర్రాడెవడో ఆ మాటలు తీసి చీటీలోకి నెట్టాడు. నర్సు ఎప్పట్లాగే అరవై అని కొట్టింది. తర్వాతి డ్యూటీకి వచ్చిన నర్సు అరవై చుక్కలని చదివి అలాగే తిప్పింది. ఇదంతా పావ్లిన్ చెప్పాక జ్లాతినాకి అర్థమైంది. కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

కాసేపటికి ఒగ్నియాన్ తన గాజు గదిలోకి పిలిచాడు. ఆఫీసు అతనిది. అప్పులు చేసి కాదు, నవ్వుతూ మాట్లాడి నిలబెట్టుకున్న ఆఫీసు. ఇవాళ మాత్రం ముఖంలో నవ్వు లేదు.

“సిస్టర్ వెలిచ్కా గుర్తుందా? గుండె వార్డు. కిందటేడు తెర పరీక్షించిన రోజు నువ్వే పక్కన కూచుని చూపించావు.”

“గుర్తుంది.”

“అరవై కొట్టింది ఆవిడే. తేలేదాకా డ్యూటీకి రావద్దన్నారు. ఈ శుక్రవారం వియన్నా వాళ్ళు విచారణ పెట్టారు. చీటీ ఉందనే నాకు తెలీదంటోందావిడ. కానీ ఆ రోజు వీడియో మన దగ్గరుంది. చీటీ చూశారా అని నువ్వడిగావు, ఆవిడ తల ఊపింది. ఆ ముక్క వెతికి పట్టుకుని, దాని కింద ‘తల ఊపింది’ అని జర్మన్‌లో రాసిచ్చేస్తే చాలని డాక్టర్ బాయెవ్ ఫోన్ చేశారు.” బాయెవ్ ఆ ఆస్పత్రికి పెద్ద.

మొదట జ్లాతినాకి కలిగింది ఏమిటో చెప్పాలి. అమ్మయ్య అనిపించింది. చూసింది కదా, చూసీ పట్టించుకోలేదు కదా, అయితే తప్పు నాది కాదు. ఆ అమ్మయ్య గొంతు దిగీ దిగకముందే సిగ్గేసింది గానీ, కలగడమైతే కలిగింది.

వీడియో తెరిచింది. సమావేశాల గది, బల్ల మీద పెద్ద కంప్యూటరు. సిస్టర్ వెలిచ్కా కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. మౌస్‌ని నిజం ఎలకని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుంది. వెనక నుంచి జ్లాతినా గొంతే, హుషారుగా: “వియన్నా నుంచి చూస్తున్నారు సిస్టర్! తల మాత్రం వాళ్ళలాగా ఊపండి, మనలాగా ఊపితే ఔనన్నది కాదనుకుంటారు!” గదిలో నవ్వులు.

మాది అదో పితలాటకం. మేం తల అటూ ఇటూ తిప్పితే ఔనని, గడ్డం పైకి విసిరితే కాదని. బయటివాళ్ళది తలకిందులు. పరదేశి కనబడితే మర్యాదకి మేం వాళ్ళలా ఊపబోతాం, మా మీద ప్రేమకొద్దీ వాళ్ళు మాలా ఊపబోతారు. ఆ తర్వాత ఎవరేమన్నారో తేల్చడం ఎవరి తరమూ కాదు. జ్లాతినాకైతే రోజంతా వియన్నా వాళ్ళతో వీడియోలో మాట్లాడీ మాట్లాడీ మెడ వాళ్ళ తీరుకే అలవాటు పడిపోయింది.

“సిస్టర్, ఇక్కడ ఒక చీటీ వచ్చింది, చూశారా?” అని అడిగింది వీడియోలో జ్లాతినా.

వెలిచ్కా గడ్డం పైకెత్తి దించింది.

“చూశారట. తర్వాతది,” అంది వీడియోలో జ్లాతినా.

అంతే. రెప్పపాటు పని. జర్మన్ మాట రాయబోతూ, సరిగ్గా ఎక్కడ మొదలవుతుందో చూద్దామని చెవులకి ఇయర్‌ఫోన్లు తగిలించుకుని వెనక్కి తిప్పింది. గడ్డం లేచింది. దాంతోపాటు చిన్న చప్పుడు. ట్చ్. నాలుక అంగిటికి తగిలి విడివడ్డ చప్పుడు.

జ్లాతినా మళ్ళీ వెనక్కి తిప్పింది. ట్చ్.

తల ఊపు ఏ దేశానిదైనా కావచ్చు. ఆ చప్పుడు మాత్రం మాదే. ఇంకో గరిటె వెయ్యనా అంటే నాన్న చేసేది అదే. టమాటాల ధర తగ్గించమంటే బజారులో మనిషి చేసేదీ అదే. ఎవరి కోసమూ, ఏ మర్యాద కోసమూ ఆ చప్పుడు అర్థం మారదు. కాదు. లేదు. చూడలేదు.

చూడలేదంటే చూశానని చెప్పింది తనే! ఆవిడ నోట్లోని మాట లాగేసి తన మాట పెట్టింది. అంతమంది ముందు, నవ్వుతూ, హుషారుగా. జ్లాతినా ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. పావ్లిన్ ఏదో జోకేశాడు. ఆమెకి పెదాలు కదలడం కనిపించింది గానీ మాట వినబడలేదు.

ఒగ్నియాన్ విన్నాడు. రెండుసార్లు విన్నాడు. ఇయర్‌ఫోన్లు తిరిగిచ్చి కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు.

“తల ఊపిందా, లేదా?”

“ఊపింది.”

“అయితే అదే రాయి. ‘తల ఊపింది.’ చూసిందని రాయకు, చూళ్ళేదని రాయకు. ఇందులో అబద్ధం ఏముంది?”

“అబద్ధం లేదు.”

“మరింకేం!”

“నిజం కూడా లేదు, ఒగ్నియాన్. వియన్నా వాళ్ళు దాన్ని ఔనని చదువుకుంటారు.”

“వాళ్ళు ఎలా చదువుకుంటే మనకెందుకు? చీటీ దాచిపెట్టింది మనం. ఆవిడ మాట తప్పు చెప్పింది నువ్వు. ఇవన్నీ మనంతట మనమే పళ్ళెంలో పెట్టి ఇస్తే, వాళ్ళు పని పట్టుకుని ఇంకో ఊరికి పోతారు. ఇక్కడ ఇంతమందీ నోట్లో వేలు పెట్టుకు కూచోవాలి.” గొంతు తగ్గించాడు. “ఐల్యాక్, తల్లీ. ఐల్యాక్‌గా ఉండు.”

ఐల్యాక్ అంటే మా ప్లోవ్‌దివ్ వాళ్ళ వేదం. కంగారు పడకు, కొంపలేం మునగవు, కూచుని ఇంకో కాఫీ తాగు అని. మంచి మాటే. కానీ కొంప మునిగినవాళ్ళకి గట్టు మీద నిలబడి చెప్పే మాట కాదది.

సాయంత్రం ఇంట్లో అమ్మ జున్ను పెట్టిన పొరల రొట్టె, బనిత్సా, వేడివేడిగా పొయ్యిలోంచి తీసి కోసింది. జ్లాతినా పళ్ళెంలో ముక్క ఎప్పుడు అయిపోయిందో ఆమెకే తెలీదు.

“ఇంకో ముక్క వెయ్యనా?”

జ్లాతినా తల ఊపింది. అమ్మ పళ్ళెం తీసేసింది.

“అదేంటి, కావాలన్నాగా!”

“వద్దని ఊపావు కదే!” అమ్మ పళ్ళెం పట్టుకుని నిలబడిపోయింది. “ఏ దేశపు తల పెట్టుకొచ్చావే ఇవాళ?”

రోజూ అనే మాటే, రోజూ నవ్వుకునే మాటే. ఇవాళ జ్లాతినాకి బొటబొటా కన్నీళ్ళు కారిపోయాయి. అమ్మ బిత్తరపోయి, రెండు ముక్కలు ఒకేసారి వడ్డించేసింది.

వెలిచ్కా ఉండేది త్రాకియా పేటలో, పాత ఎనిమిదంతస్తుల మేడ. గురువారం మధ్యాహ్నం జ్లాతినా ఆఫీసులో తలనొప్పని చెప్పి అటు వెళ్ళింది. సెప్టెంబరు కదా, పేటంతా కాలిన మిరపకాయల వాసన. మేడ ముందు ఆవరణలో ముక్కాలి పీట మీద కూచుని, వెలిచ్కా గొట్టంలాంటి కరెంటు పొయ్యిలోకి ఎర్రటి లావు మిరపకాయలు ఒక్కొక్కటే దించుతోంది. తొక్క నల్లగా మాడగానే తీసి గిన్నెలో వేసి మూత పెడుతోంది.

“ఎవరమ్మా?” కళ్ళజోడు పెట్టుకుని చూసింది. “ఓహో, నువ్వా? మౌస్ అమ్మాయివి. వీడియో ఇంకోసారి తియ్యడానికి వచ్చావా?”

“లేదు సిస్టర్.”

“అయితే కూచో. ఊరికే కూచోకు, తొక్కలు తియ్యి.”

తొక్క చేతికి అంటుకుని కాలుతోంది. వెలిచ్కా వేళ్ళకి ఆ బాధ లేదు. తోక పట్టుకుని ఒక్క లాగు లాగితే తొక్క మొత్తం వచ్చేస్తోంది. జ్లాతినా మూడు కాయలు చీల్చి పాడుచేశాక గాని నోరు పెగల్లేదు.

“సిస్టర్, ఆ రోజు మీరు చీటీ చూడలేదు. కదూ?”

వెలిచ్కా గడ్డం లేవబోయింది. చటుక్కున మసి చేత్తో తన గడ్డం తనే పట్టుకుని ఆపేసుకుంది. చెయ్యి తీశాక గడ్డం మీద నల్లటి మచ్చ మిగిలింది.

“చూళ్ళేదు. నోటితో చెబుతున్నా, విను. చూ-ళ్ళే-దు. ఇక నుంచి అన్నీ నోటితోనే. ఈ తలకాయని నమ్ముకుని చెడ్డాను.”

“తప్పు నాది. మీరు కాదంటే నేను ఔనన్నాను. నాకు మొన్ననే తెలిసింది.”

“నీకు మొన్న తెలిసింది. సరే.” వెలిచ్కా ఇంకో కాయ పొయ్యిలోకి దించింది. “మరి డాక్టరుగారి సంగతేంటి?”

“ఆయనకి నేను చెబుతాను. ఆయనకి తెలీక…”

“తెలీకా!” వెలిచ్కా నవ్వింది. వినడానికి బాగాలేని నవ్వు. “పిచ్చిపిల్లా, ఆయనది మా పక్క వీధే. వాళ్ళమ్మ నాకు ఊలు అల్లడం నేర్పింది. ఆ వీడియో నాకు ఆయన గదిలోనే చూపించారు. నేను గడ్డం ఎత్తడం ఆయన చూశాడు. మా హెడ్ నర్సు చూసింది. ఆ మూల నిలబడ్డ లాయరు చూశాడు. అందరూ ఈ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళే. వాళ్ళ అమ్మలు అన్నం పెట్టనా అంటే వాళ్ళూ అలాగే ఎత్తారు గడ్డాలు. ‘చూశారా, సిస్టర్ తల ఊపారు,’ అన్నాడాయన. నా మొహం వంక చూడకుండా అన్నాడు. ఒక్కరంటే ఒక్కరు నోరు మెదపలేదు.”

జ్లాతినా చేతిలో కాయ జారి మట్టిలో పడింది. తను పొరపాటు పడింది. వాళ్ళు పొరపాటు పడలేదు. ఆ ముక్క వెతికి పట్టుకున్నది ఆయనే, ‘తల ఊపింది’ చాలన్నదీ ఆయనే. అర్థం తెలిసే అన్నాడు! అంత పని చేస్తాడా మనిషి? పట్టపగలు, అందరి ముందూ, ఒక్క అబద్ధమైనా ఆడకుండా!

“అరవై కొట్టింది నేనే,” అంది వెలిచ్కా. “అది కాదనను. ఆ ముసలాయన్ని చూద్దామని వెళితే వాళ్ళమ్మాయి గుమ్మంలోనే ఆపేసింది. ఆపాలి కూడా. కానీ చూసీ లెక్కచెయ్యలేదు అంటున్నారు చూడు, ఆ మాట నేను మోయలేను. ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోవాలి. నాకు కావలసింది అదే.”

“రేపు నేను చెబుతాను, సిస్టర్.”

“చెప్పు. చెప్పేటప్పుడు మాత్రం తల ఊపకు తల్లీ.”

శుక్రవారం పొద్దున్నే జ్లాతినా పని పూర్తిచేసింది. వేలు తాకితే చీటీ వచ్చేలా చేసింది. గడిలోకి దిగగానే వచ్చేలా చేసింది. అంకె మామూలుకన్నా పెద్దదైతే, ఎవరూ అడక్కుండానే వచ్చి, మూసేదాకా కదలకుండా నిలబడేలా చేసింది. తన టాబ్లెట్ మీద వేలితో తాకి చూసుకుంది, చక్కగా వచ్చింది. వచ్చిన చీటీ వంక కాసేపు చూసి, ఆ తర్వాత ఎవరూ చెప్పని పని ఒకటి చేసింది. ‘నిమిషానికి చుక్కలు’ అన్న మాటలు తెచ్చి మళ్ళీ గడి పక్కనే రాసేసింది. తెర ఇరుకైతే అయింది. వీడియో కింద కూడా తను రాయాల్సింది రాసి పంపింది. ఒగ్నియాన్ చదివి చూడలేదు. నమ్మకం మరి.

ఆస్పత్రి సమావేశాల గదిలో గోడ మీద పెద్ద తెర, తెర నిండా వియన్నా నుంచి విచారణ నడిపే ఆవిడ, ఫ్రావ్ లైట్నర్ ముఖం. బల్లకి ఒక వైపు డాక్టర్ బాయెవ్, పక్కన ఒగ్నియాన్. ఎదురుగా సిస్టర్ వెలిచ్కా, ఇస్త్రీ చేసిన తెల్ల కాలరు, మోచెయ్యి బల్ల మీద ఆనించి గడ్డం అరచేతిలో పెట్టుకుంది. చూసేవాళ్ళకి పంటి నొప్పేమో అనిపిస్తుంది. మధ్యలో జ్లాతినా, ఇటు మాట అటూ అటు మాట ఇటూ చెప్పడానికి.

వీడియో వేశారు. గడ్డం లేచింది, దిగింది. కింద జర్మన్ అక్షరాలు వచ్చాయి: ‘గడ్డం పైకెత్తి, నాలుకతో చప్పుడు చేసింది. ఈ దేశంలో దీని అర్థం: లేదు, చూడలేదు.’

ఒగ్నియాన్ కళ్ళు మూసుకున్నాడు.

“ఇదేమిటి?” అంది లైట్నర్. “వెనకాల మీ గొంతు చూశారని చెబుతోందే!”

“అది నా పొరపాటు. మీలాగా ఊపుతున్నారనుకున్నాను. చప్పుడు వినలేదు. ఆవిడ లేదనే చెప్పారు.” జ్లాతినా ఆగలేదు. “ఇంకొకటి. వార్డులో ఇచ్చింది టాబ్లెట్. దాంట్లో ఆ చీటీ వచ్చే దారే లేదు. అదీ నేను చేసిందే.”

లైట్నర్ ఏదో రాసుకుంది. తర్వాత, “ఈ తల సంగతి ఇప్పుడే వింటున్నాను. చాలా అనుకూలంగా కుదిరిందే. డాక్టర్ బాయెవ్, మీరు ఆ ఊరివారు. ఈ అమ్మాయి చెప్పింది నిజమేనా?”

బాయెవ్ నెమ్మదిగా తల అటూ ఇటూ తిప్పాడు.

గదిలో ఉన్నవాళ్ళకి ఆయన ఔనన్నాడు. వియన్నాకి కాదన్నాడు. రేపు ఎవరడిగినా ఏం కావాలంటే అది చెప్పుకోవచ్చు. హమ్మ, ఎంత తెలివి!

“డాక్టరుగారూ,” అంది, “నోటితో చెప్పండి.”

“ఏమిటీ?”

“నోటితో చెప్పండి. వాళ్ళకి మన తల అర్థం కాదు. మీకు తెలుసుగా.”

వెలిచ్కా అరచేతిలో గడ్డం పెట్టుకుని ఆయన వంకే చూస్తోంది. ఒగ్నియాన్ కూడా కళ్ళు తెరిచి అటే చూస్తున్నాడు. బాయెవ్ టై సర్దుకున్నాడు, దగ్గాడు.

“ఔను,” అన్నాడు చివరికి. “నిజమే.”

తర్వాత మాటలు తొందరగానే అయిపోయాయి. సిస్టర్ మీద రాసిన మాట కొట్టేస్తామంది లైట్నర్. తెరల సంగతి వేరే మాట్లాడదామంది, ఆ మాటకి ఒగ్నియాన్ ముఖం పాలిపోయింది. తర్వాత లైట్నర్ మొదటిసారి ముఖం కాస్త వదులు చేసి, వెలిచ్కా వైపు వంగింది.

“సిస్టర్, మీకు చాలా కష్టం కలిగింది. విచారిస్తున్నాం. సోమవారం నుంచి మళ్ళీ మీ వార్డుకి వస్తారు కదా?”

జ్లాతినా ఆ మాట మా భాషలోకి మార్చి చెప్పింది. చెబుతుంటే గుండె తేలికపడింది. అయిపోయింది, అంతా సర్దుకుంది అనుకుంది.

వెలిచ్కా బాయెవ్ వంక చూసింది. గోడ దగ్గర కుర్చీలో కూచున్న హెడ్ నర్సు వంక చూసింది. ఇద్దరూ బల్ల వంక చూసుకుంటున్నారు. వెలిచ్కా గడ్డం కింద నుంచి చెయ్యి తీసేసింది. గడ్డం పైకి లేచింది.

ట్చ్.

“చాలా సంతోషం!” అంది వియన్నా నుంచి లైట్నర్, నవ్వుతూ. బాయెవ్ అప్పటికే లేచి కుర్చీ వెనక్కి నెడుతున్నాడు. హెడ్ నర్సు లేచింది. ఒగ్నియాన్ జ్లాతినా వంక చూశాడు. గదిలో అందరికీ అర్థమైంది, ఎవరూ ఏమీ అనలేదు.

సోమవారం ఆవిడ వార్డులో ఉంటే ఎంత బాగుండును! ఆ ఒక్క మాట ఔనైతే, తన తప్పు కూడా కడుక్కుపోయేది. జ్లాతినా వెలిచ్కా కళ్ళలోకి చూసింది. ఆ కళ్ళు ఆమె మీదే నిలిచి ఉన్నాయి.

“కాదు,” అంది జ్లాతినా తెర వైపు తిరిగి. “రానంటున్నారు.”

వియన్నాకి మాట చేరడానికి క్షణం పడుతుంది. అంతవరకూ లైట్నర్ నవ్వుతూనే ఉంది.